సూపర్‌మాన్‌కి హనుమంతుడి వరం

"పుస్తకంలో అలా లేదు!" అంటూ మా పటేల్‌గూడ పిల్లలు సినిమా చూసొచ్చి తగువులాడుకుంటారు. వాళ్లకి 1980 నాటి తెలుగు 'సూపర్‌మాన్' చూపించాలి. వి. మధుసూదనరావుగారి దర్శకత్వంలో ఎన్టీ రామారావుగారు, 50 దాటిన వయసులో, నీలం ఎరుపు బట్టలు తొడుక్కుని గాల్లో ఎగిరారు.

పేరూ, వేషమూ అమెరికావే. 1938 నాటి వాళ్ల బొమ్మల కథలో అతను నాశనమైపోతున్న గ్రహం నుంచి వచ్చిపడ్డ పసివాడు. బలం పుట్టుకతో వచ్చింది. మనవాడి సంగతి వేరు. కన్నవాళ్లను దుర్మార్గులు చంపేస్తే, దిక్కులేని ఆ పిల్లాడు హనుమంతుణ్ణి వేడుకున్నాడు. ఆయన శక్తినిచ్చాడు.

నన్నడిగితే ఇది చిన్న మార్పు కాదు. మన కథల్లో బలం ఊరికే రాదు. ఎవరో ఒకరు ఇవ్వాలి, పుచ్చుకున్నవాడు దానికి జవాబు చెప్పుకోవాలి. భస్మాసురుడి కథ విని పెరిగిన ఇళ్లు కదా మనవి!

అన్నట్టు, 1938లో అసలు సూపర్‌మాన్‌కే ఎగరడం రాదు. మేడల మీదుగా గెంతేవాడు, అంతే. ఎగరడం తరవాత అమెరికావాళ్లే చేర్చుకున్నారు. మరి గెంతడమే మూలమైతే, సముద్రాన్నే గెంతినవాణ్ణి తెచ్చిపెట్టిన మనవాళ్లు మూలం తప్పారంటారా? 2024లో వచ్చిన 'హను-మాన్'లోనూ కథానాయకుడికి శక్తి ఆయన దగ్గర్నుంచే.