ఫిలిప్పీను దీవుల ఖడ్గపరీక్ష

వరాహమిహిరుడు బృహత్సంహితలో ఖడ్గలక్షణమునకై యొక యధ్యాయమునే కేటాయించి, 50 అంగుళముల కత్తి యుత్తమమనియు, 25 అంగుళములది కనిష్ఠమనియు నిర్ణయించి, అలుగుమీద నెచ్చట మచ్చ యున్న నేమి ఫలము కలుగునో కూడ వివరించెను. అది రాజుల చేతి కత్తికి చెప్పిన లక్షణము. ఫిలిప్పీను దీవుల సాము నభ్యసించుచు, ఆ దేశపు సంప్రదాయఖడ్గ మొకటి సంపాదింపగోరు వాని కీ కొలతలు చాలవు. ఏలయన అచ్చటి కత్తులలో పెక్కింటికి రూపము దిద్దినది కొలువుకూటము గాక, పొలమును, తోటయు, సముద్రమును. కావున ఏ కత్తి మంచిదని యడుగుటకు ముందు ఏ దీవి కత్తి యని యడుగవలెను.

ఆ సామునకు ఆర్నీస్, ఎస్క్రిమా, కాలీ అను మూడు పేర్లు వాడుకలో నున్నవి. మొదటి రెండును స్పానిషు పాలనాకాలమున ఆ భాషనుండి దిగినవి. ఎస్క్రిమా యనగా కత్తిసామే. 2009లో అచ్చటి ప్రభుత్వము చట్టము చేసి ఆర్నీసును జాతీయ యుద్ధకళగను, జాతీయక్రీడగను ప్రకటించినది. నేర్పువానిని గురో యని పిలుతురు. అది సముద్రము దాటి వెళ్లిన మన గురుశబ్దమే.

శిష్యుని చేతికి మొదట వచ్చునది కత్తి గాదు, రెండడుగులకు పైచిలుకు పొడవు గల పేముబెత్తము. రెండు చేతుల రెండు బెత్తములు పట్టి, వెదురుతడిక యల్లినట్లు దెబ్బలను పెనవేయు సాధనకు సినవాలి యని పేరు. బెత్తము గుండ్రనిది, దానికి వాదర లేదు. ఏ ప్రక్క తగిలినను దెబ్బ దెబ్బయే. కత్తి యట్టిది గాదు. వేటు సాగు దారిలో వాదర నిలువక యించుక ప్రక్కకు వాలినచో, అది కోయుట మాని మణికట్టును మెలిపెట్టును. ఎదిరి బెత్తమును చేత నొడిసిపట్టి లాగుకొను ఉపాయములు బెత్తపుసాములో చూచుటకు ముచ్చటగా నుండును గాని, అలుగు నట్లు పట్టినవానికి వ్రేళ్లు మిగులవు. సాధకుడు ఖడ్గము సంపాదించుట గోడకు వ్రేలాడదీయుటకు గాక, బెత్తము మఱపించిన యీ సంగతులను చేతికి మఱల తెలియజేయుటకే యని నా దృఢవిశ్వాసము.

దక్షిణమున మిందనావో దీవిలో మరనావో, మగిందనావో జనుల ఖడ్గము కాంపిలాన్. దాని నిడివి మూడడుగులకు తక్కువ కాదు. పిడికడ సన్ననై కొనకు పోనుపోను వెడల్పగు అలుగు, నోరు తెఱచిన జంతువును పోలిన పిడి, ఆ నోరు నాగమునిదని కొందఱు, మొసలిదని కొందఱు. 1521 ఏప్రిల్ 27న మక్తాన్ దీవి తీరమున, ఆ దీవి నాయకుడైన లాపులాపు జనులతో పోరాడి, స్పెయిను తరపున వచ్చిన నావికుడు మెగెల్లాను మడిసిన వృత్తాంతమును అతని తోడి యాత్రికుడు పిగఫెట్టా వ్రాయుచు, ఒకడు పెద్దకత్తితో నాతని యెడమకాలిని నఱకగా నాతడు బోర్లబడెనని చెప్పినాడు. లాపులాపు చేతిలో నేడు చిత్రకారులు కాంపిలానునే చిత్రింతురు. చూపునకది ఘనమైనదే, అయినను బెత్తమున కలవడిన చేతికి దాని పొడవును బరువును పొసగవు. దక్షిణదీవుల ముసల్మాను జనులైన మోరోల క్రిస్, జావాదేశపు చిన్నకత్తికి దాయాదియై, తఱచు అలలు తిరిగిన, రెండువాదరల నిండు ఖడ్గముగా పెరిగినది. సూలు దీవుల బారోంగ్ ఆకువలె నుబ్బిన పొట్టి అలుగు, దళసరి వెన్ను కలది. దాని పిడికొన కాకతువ్వ తలను పోలియుండును. దగ్గఱి పోరునకు దానిని మించిన దింకొకటి లేదు. వంశపారంపర్యముగా వచ్చిన పాత క్రిస్సును గాని బారోంగును గాని సాధనకై త్రిప్పుట మాత్రము అపచారము.

బెత్తపుసామునకు పుట్టినిల్లు వంటివి నడుమనున్న విసాయా దీవులు. సెబూలో 1932లో స్థాపితమైన దోసె పారెస్ సంఘము నేటికిని ప్రసిద్ధము. అచ్చటి కత్తులు పనిముట్ల తోబుట్టువులు. కత్తెరను గుంటింగ్ అందురు. అందలి యొక రేకును పోలినందున నొక కత్తి గినుంటింగ్ అయినది. సెబూ వారి పినుటి పేరు తెలుపును చెప్పు పుతి శబ్దమునుండి వచ్చినది. పనాయ్ దీవిలో తలిబోంగ్, ఇక నంతట బోలో. పగలు కొబ్బరికాయ కొట్టిన బోలోయే అవసరము వచ్చినపుడు యుద్ధమునకు లేచినది. 1901 సెప్టెంబరు 28న సమార్ దీవిలోని బలంగిగాలో గ్రామస్థులు ఈ బోలోలతోనే, అప్పుడు దీవుల నాక్రమించియున్న అమెరికా దండుపై బడి నలువదిమందికి పైగా సైనికులను చంపిరి. ప్రతీకారముగా అమెరికనులు ఊళ్లను తగులబెట్టి, చర్చిగంటలను గొనిపోయిరి. ఆ గంటలు స్వగ్రామము చేరుటకు 2018 వఱకు పట్టినది. ఇట్టి చరిత్ర గల పనిముట్టును మోటుదని చిన్నచూపు చూచి, నగిషీల పిడికై వెదకు కొనుగోలుదారులను తలచినపుడు నాకు బాధ కలుగును.

విసాయా కమ్మరిని పాందాయ్ అందురు. మన కొలుములలో వలెనే అతడును పాత లారీల కమానుకట్టల ఉక్కును సాగగొట్టి అలుగు తీయును. అలుగు చివరనున్న సన్నని తోకను పిడిలోనికి దించి, కరగిన చెట్టుజిగురు పోసి బిగించుట పాతపద్ధతి. ఆ జిగురు ఏండ్లు గడచిన కొలది ఎండి పెళుసెక్కును. కావున కత్తిని త్రిప్పుటకు ముందు అలుగునకు గుడ్డ చుట్టి పట్టుకొని, పిడి కదలుచున్నదేమో పరీక్షింపవలెను. మొదటి కొన్నినెలలు వాదర తీయని కత్తియే చాలును, బరువు మాత్రము అసలు దానికి సమానముగా నుండవలెను. వాదర గలదానిని చేయించుకొను దినము వచ్చినపుడు మఱవరాని దొకటి కలదు: విసాయా అలుగులు పెక్కింటికి ఒక ముఖము చదునుగ నుండును, రెండవ ముఖమునే యేటవాలుగ సానబట్టుదురు. కుడిచేతివానికి తగిన యేటవాలు ఎడమచేతివానికి తలక్రిందులగును. ఎడమచేతివాటము వాడు ఆ సంగతి పాందాయికి ఉక్కు కొలిమిలో పెట్టకమునుపే చెప్పవలెను.