హోమ్ ల్యాబ్ (నెట్‌వర్కింగ్)

నెట్‌వర్కింగ్ పరీక్షల కోసం రూటర్లు, స్విచ్‌లతో ఇంట్లోనే చేసుకునే సాధన ఏర్పాటు. సిస్కో సంస్థ 1998లో ప్రారంభించిన సీసీఎన్‌ఏ పరీక్ష రాసేవారిలో ఇది బాగా వాడుక.

ఒకప్పుడు ల్యాబ్ అంటే ఆఫీసులు వదిలించుకున్న పెట్టెలే: సిస్కో 1841, 2811 రూటర్లు, 2960 స్విచ్‌లు. సెకండ్‌హ్యాండ్ రూటర్‌లో పాత యజమాని పాస్‌వర్డ్ అలాగే ఉండిపోవడం మామూలే. అప్పుడు నీలిరంగు కన్సోల్ కేబుల్ తగిలించి, టెర్మినల్‌ను 9600 బాడ్‌కు పెట్టి, రూటర్ లేస్తుండగానే బ్రేక్ కీ నొక్కాలి. కాన్ఫిగరేషన్ రిజిస్టర్‌ను హెక్సాడెసిమల్ 2142కు మార్చి మళ్లీ ఆన్ చేస్తే, అది పాత సెట్టింగులను పక్కనపెట్టి లేస్తుంది. పని అయ్యాక 2102కు తిప్పడం మరిచారో, సేవ్ చేసిందంతా మరుసటిసారి మాయం! ఈ ఒక్క తంతులో నేర్చుకునేది చాలా పాఠాలకు సమానం.

ఈ పాత పెట్టెల ఫ్యాన్ల మోత మాత్రం పడకగదిలో భరించలేం.

ఇప్పుడు సిస్కో ఉచితంగా ఇచ్చే ప్యాకెట్ ట్రేసర్ అనే సాఫ్ట్‌వేర్‌లోనే వీలాన్‌లు, ఓఎస్‌పీఎఫ్ వంటి పరీక్షాంశాలను సాధన చేయవచ్చు. అది అనుకరణే కాబట్టి అన్ని కమాండ్లూ ఉండవు. జీఎన్ఎస్3, ఈవ్-ఎన్‌జీ సాఫ్ట్‌వేర్లలో రూటర్ల అసలు ఆపరేటింగ్ సిస్టమే నడుస్తుంది. అందుకే వాటికి కంప్యూటర్‌లో ర్యామ్ దండిగా కావాలి.

సీసీఎన్‌ఏ వరకు ప్యాకెట్ ట్రేసర్ చాలు. చేతిలో డబ్బుంటే ముందు కొనాల్సింది పాత 2960 స్విచ్ ఒకటి, కన్సోల్ కేబుల్ ఒకటి.