పత్తి నేల - ఓటు పెట్టె



అమెరికా ఎన్నికల పటంలో దక్షిణాదిన, అలబామా, మిసిసిపీ రాష్ట్రాల మీదుగా ఒక పట్టీ కనిపిస్తుంది. చుట్టూ రిపబ్లికన్ పార్టీ ఎరుపు, ఆ పట్టీలో డెమోక్రాటిక్ పార్టీ నీలం. దీనికి కారణం మట్టిలోనే మొదలైంది. అక్కడిది పత్తి బాగా పండే నల్లనేల. అందుకే తోటల యజమానులు నల్లజాతి బానిసలను అక్కడికి ఎక్కువగా తరలించారు. 1860 జనాభా లెక్కల నాటికి దేశంలో బానిసలు సుమారు 39 లక్షల 50 వేల మంది. వారి వారసులు ఎక్కువగా ఉన్న చోట్లే నేడు ఆ నీలం రంగు.

తెల్లవారి ఓటులోనూ ఆ గతం ఉంది. అవిదిత్ ఆచార్య, మాథ్యూ బ్లాక్‌వెల్, మాయా సేన్ అనే పరిశోధకులు 2018లో 'డీప్ రూట్స్' అనే పుస్తకం వెలువరించారు. 1860లో బానిసలు ఎక్కువగా ఉన్న కౌంటీల్లోని తెల్లవారు నేడు మిగతా దక్షిణాది తెల్లవారికన్నా రిపబ్లికన్ల వైపు ఎక్కువగా మొగ్గుతున్నారని చూపారు. 1865లో బానిసత్వం రద్దయ్యాక చవక కూలీ, అధికారం చేజారుతాయని యజమానులు భయపడ్డారు. చట్టాలతో, హింసతో అణచివేశారు. ఆ ఆలోచనలే తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చాయని వారి వాదన.

1870లో రాజ్యాంగ సవరణ నల్లజాతి పురుషులకు ఓటు హక్కు ఇచ్చింది. కానీ 1890లో మిసిసిపీ ఓటుకు పన్ను, చదువు పరీక్ష పెట్టింది. ఇతర రాష్ట్రాలూ అదే దారి పట్టాయి. అలబామాలోని లౌండ్స్ కౌంటీలో జనాభాలో అయిదింట నాలుగు వంతులు నల్లవారే ఉండేవారు. అయినా 1965 ఆరంభంలో వారిలో ఒక్కరి పేరూ ఓటర్ల జాబితాలో లేదు. ఆ ఏడాది ఆగస్టులో ఓటు హక్కుల చట్టం వచ్చింది. 1970లో ఆ కౌంటీ ప్రజలు జాన్ హ్యూలెట్ అనే నల్లజాతి నాయకుణ్ణి షెరీఫ్‌గా గెలిపించుకున్నారు.

వారి చరిత్ర, మన చరిత్ర ఒకటి కావు. అయినా బలవంతపు చాకిరీ మనకు తెలియనిది కాదు. మన్యంలో రోడ్ల పనికి గిరిజనులను బలవంతంగా దింపడం 1922 తిరుగుబాటుకు ఒక కారణం. మన రాజ్యాంగం 23వ అధికరణంతో వెట్టిని నిషేధించింది. 326వ అధికరణంతో చదువు, ఆస్తి షరతులు లేకుండా వయోజనులందరికీ ఓటు ఇచ్చింది. మన తాతలు వేలిముద్ర వేసినా వారి ఓటు చెల్లింది.

పద్దెనిమిదేళ్లు నిండిన మన పిల్లలు ఓటర్ల జాబితాలో పేరు ఉందో లేదో చూసుకోవాలి. లేకపోతే వెంటనే నమోదు చేయించుకోవాలి. జాబితాలో పేరు లేని జనం మాట ఎవరికీ వినపడదని లౌండ్స్ కౌంటీ మనకు చెబుతోంది.