మోటుపల్లి: రాతి మీద చెక్కిన జబాన్

చీరాల నుంచి ఒంగోలు వెళ్లే దారిలో, సముద్రానికి దగ్గరగా మోటుపల్లి ఉంది. నేడది బాపట్ల జిల్లా, చినగంజాం మండలం. మొన్నటిదాకా ప్రకాశం, 1970కి ముందు గుంటూరు. చూస్తే మామూలు పల్లెటూరు. కానీ ఒక జమానాలో కాకతీయుల హుకూమత్‌కి ఇదే పెద్ద బందర్.

ఆ రోజుల్లో జహాజుల్లో తిజారత్ అంటే ప్రాణాలతో బాజీ. తుఫానుకి జహాజు పగిలి సరుకు ఒడ్డుకి కొట్టుకొస్తే, అదంతా అక్కడి రాజు జప్తు చేసుకునేవాడు. బంగారం, ఏనుగులు, గుర్రాలు, ఏదైనా సరే. సముద్రం సగం ముంచితే, ఒడ్డు మిగతా సగం ముంచేది. బతికి బయటపడ్డ సౌదాగర్ చేతిలో చివరికి ఏమీ మిగిలేది కాదు.

1244లో కాకతి గణపతిదేవుడు ఈ జుల్మ్‌ని ఆపాడు. ఇక్కడి వీరభద్రస్వామి గుడి మండపంలో ఒక స్తంభం మీద తన మాట చెక్కించాడు. దాన్నే అభయ శాసనం అంటారు. పాత రాజులు బలవంతంగా లాక్కున్నారు, మేము మాత్రం దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం నిర్ణీత సుంకం తప్ప ఏమీ తీసుకోము అని దాని సారాంశం. సుంకం ముప్పయ్యో వంతు. గంధం, చీనా కర్పూరం, పన్నీరు (మన గులాబ్ జల్), ముత్యాలు, పగడాలు, పట్టు, మిరియాలు, పోకచెక్కలు, వేటి మీద ఎంతో కూడా రాసి పెట్టారు. వసూలు చేసేవాడి ఇష్టానికి వదల్లేదు.

ఆ అభయం ఫలానా కౌమ్‌కి, ఫలానా మజహబ్‌కి అని లేదు. అన్ని దేశాల నుంచి, దీవుల నుంచి, పట్టణాల నుంచి వచ్చిపోయే సముద్ర వర్తకులందరికీ అని ఉంది.

తర్వాత అర్ధ శతాబ్దంలోనే వెనిస్ ముసాఫిర్ మార్కో పోలో ఈ రాజ్యాన్ని 'ముత్ఫిలి' అన్నాడు. రాజ్యానికే బందర్ పేరు పెట్టాడన్న మాట! ఇక్కడి వజ్రాలనీ, సన్నని నూలు బట్టనీ తెగ తారీఫ్ చేశాడు. కాకతీయులు పోయాక, 1358లో రెడ్డిరాజు అనవోతారెడ్డి పాలనలో వర్తకులకు మళ్లీ ఇక్కడే హామీ శాసనం వేయించారు.

కాలం మారింది. గోల్కొండ కుతుబ్‌షాహీల రోజుల్లో తిజారత్ మచిలీబందరుకి వెళ్లిపోయింది.

ఇంట్లో అమానత్ గురించి పిల్లలకు చెబుతుంటాం కదా, ఈసారి మోటుపల్లి కిస్సా కూడా కలపండి. చేతికందిన పరాయి సొమ్ముని రాజు వదులుకున్నాడు. ఆ నమ్మకంతోనే జహాజులు ఇటు తిరిగాయి.