మంచూ మహారాణి ఫూచా

క్రీ. శ. 1644 మొదలు 1912 వఱకు చీనా దేశము నేలినవారు చీనీయులు కారు. మహాకుడ్యమున కావలి నుండి దిగివచ్చిన మంచూలు. వేట, గుఱ్ఱపు స్వారి వారి కులవిద్యలు. బీజింగు నుండి పాలించిన మంచూ ప్రభువులలో నాల్గవవాడగు చియెన్‌లుంగ్ 1735లో సింహాసన మెక్కి అఱువది యేండ్లు రాజ్యము చేసెను. ఆయన పట్టమహిషి ఫూచా వంశపు ఆడుబిడ్డ. చరిత్రకు తెలిసినది ఆ వంశనామమే. ఆమె సొంతపేరును ఆస్థాన లేఖకులు వ్రాసి యుంచలేదు.

ఆమె 1712లో జన్మించెను. 1727లో వివాహ మయ్యెను. భర్త చక్రవర్తియైన పిదప 1738లో పట్టపురాణి యయ్యెను. ముత్యములు, పచ్చలు రాసులుగా నున్న అంతఃపురమున ఆమె గుడ్డపూవులనే తలలో తుఱుముకొనెడిది. పూర్వులు జరీకి మాఱుగా లేడి వెండ్రుకలతో అంచులు కుట్టుకొనెడివారని భర్త ఒకనాడు చెప్పగా విని, అట్లే కుట్టిన చెకుముకి సంచి నొకదానిని ఆయనకు బహూకరించెను. ఆమె మరణానంతరము ఆయన దానిని భద్రముగ దాచుకొనెను.

మంచూ రాజ్యమున పెద్దకొడుకే రాజగునను నియమము లేదు. వారసుని పేరు రహస్యముగ వ్రాసి, పేటికలో నుంచి, సభామందిరమందలి పలక వెనుక దాచెడివారు. 1736లో అట్లు దాచిన పేరు ఫూచా కుమారుడు యుంగ్‌లియెన్‌ది. ఆ బాలుడు 1738లో మరణించెను. ఎనిమిదేండ్లకు మఱియొక కొడుకు పుట్టెను. వాడును రెండేండ్లు నిండకుండగనే 1748 జనవరిలో మశూచికము వలన పోయెను. ఆనాడు చీనీయుల సంవత్సరాంత దినము. తెల్లవాఱిన వారి ఉగాది.

నెల దాటగనే చక్రవర్తి తల్లిని, భార్యను వెంటబెట్టుకొని తూర్పుదేశ యాత్రకు బయలుదేఱెను. తైషాన్ పర్వతమును, కన్‌ఫ్యూషియస్ జన్మస్థానమును దర్శించిరి. జీనాన్ నగరమున రాణికి జబ్బు చేసెను. తిరుగు ప్రయాణమున 1748 ఏప్రిల్ 8వ తేదీన, దెజౌ వద్ద, పడవలోనే ఆమె కన్ను మూసెను. వయస్సు ముప్పదియాఱు. ఆ పడవను నగరములోనికి తేవలెనని రాజాజ్ఞ. కోటగుమ్మము పట్టలేదు. గోడమీదుగా కొయ్యదారి కట్టి, జాఱుటకై కూరాకులు పఱచి, వేయిమంది లాగిరని చెప్పుదురు. చక్రవర్తి ఆమెను గూర్చి శోకకావ్యము వ్రాసెను. ఆమె మందిరమును దశాబ్దములు యథాతథముగ నుంచెను. తరువాతి యాత్రలలో జీనాన్ నగరమున అడుగిడక చుట్టుదారిని పోయెను.

ఇంతవఱకు ఎవరికైనను కన్నీరు వచ్చును. అయితే ప్రభువు దుఃఖము ప్రజలకు తేలికగ పోదు. మనవైపు మరణాశౌచమునకు క్షౌరము చేయించుకొందురు. మంచూల ఆచారము దీనికి విరుద్ధము. నూఱు దినములు తల గొఱిగించుకొనరాదు. సైలెంగ్గె అను ప్రాంతీయ మహాపాలకుడు ఈ నియమము తప్పినందుకు ఆత్మహత్య చేసికొమ్మని ఆజ్ఞ పొందెను. రాణి బిరుదపత్రమును మంచూ భాషలోనికి మార్చుటలో ఒక పదము తప్పుగ పడెను. న్యాయశాఖాధిపతియగు ఆకెదున్‌కు మరణశిక్ష విధింపబడెను. తరువాత క్షమించిరి. అన్యరాణి పుత్రుడగు పెద్దకుమారుడు యుంగ్‌హువాంగ్ సవతితల్లికై చాలినంత విలపింపలేదని తండ్రి నిందించి, రాజ్యార్హత లేదని ప్రకటించెను. ఆ యువకుడు 1750లో మరణించెను. ఫూచా బ్రతికియున్నచో ఇందులో ఒక్కటియు జరుగనిచ్చియుండదని ఆమె నడవడినిబట్టి తలంపవచ్చును.

ఆ సంవత్సరమే నారా వంశపు రాణికి పట్టము గట్టిరి. ఆమె కథకును వెండ్రుకలే మూలము. 1765లో దక్షిణ యాత్రయందు, హాంగ్‌జౌ నగరమున, ఆమె తన జుట్టు తానే కత్తిరించుకొనెను. భర్తయో అత్తగారో మరణించినప్పుడు తప్ప మంచూ స్త్రీ జుట్టు కత్తిరింపరాదు. ఇరువురును జీవించియే యుండిరి. వెంటనే ఆమెను బీజింగునకు పంపివేసి, పట్టపుపత్రములను లాగికొనిరి. 1766లో ఆమె మరణించినప్పుడు మహారాణికి తగిన అంత్యక్రియలు జరుగలేదు. ఫూచాకు స్వయముగ కోరుకొన్న మరణానంతర బిరుదము లభించెను. నారాకు ఏ బిరుదమును లేదు. 1778లో ఒక విద్యార్థి ఆమెకు న్యాయము చేయుడని చక్రవర్తికి విన్నపము వ్రాసికొనెను. అతనికి మరణశిక్ష పడెను.

ఫూచా తూర్పు రాజసమాధులలో, చియెన్‌లుంగ్ సమాధిలోనే, ఆయన ప్రక్కన నున్నది. నారాను దాపుననే మఱియొక రాణి సమాధిలో చేర్చి, పేరుపలకయైనను ఉంచక తలుపు మూసిరి.