గోదావరి, మంజీరా నదుల శుద్ధికి ప్రభుత్వ నిధులు

ఒకటి కంటే ఎక్కువ ప్రభుత్వాల పరిధిలో ప్రవహించే నది కలుషితమైనపుడు దానిని శుభ్రపరచే ఖర్చును ఎవరు, ఏ నిష్పత్తిలో భరించాలి అనునది జలపాలనలో పాత సమస్య. నిజామాబాదు జిల్లాలో గోదావరి, మంజీరా నదులు ఇందుకు ఉదాహరణలు. ఇవి దాటేది దేశాల సరిహద్దును కాదు, రాష్ట్రాల సరిహద్దును. అయినప్పటికీ చిక్కు అదే: మురుగు ఎగువన పుడుతుంది, దాని ఫలితం దిగువన కనిపిస్తుంది, డబ్బు మాత్రం సరిహద్దు దాటదు.

నదుల మార్గము

గోదావరి మహారాష్ట్ర నుండి రెంజల్ మండలంలోని కందకుర్తి వద్ద తెలంగాణలో ప్రవేశిస్తుంది. అంతకు ముందు నాసిక్, నాందేడ్ నగరాల పక్కగా ప్రవహిస్తుంది. మంజీరా నది మహారాష్ట్రలోని బీడ్ జిల్లా బాలాఘాట్ కొండలలో పుట్టి, కర్ణాటకలోని బీదరు జిల్లా మీదుగా తెలంగాణలోనికి వస్తుంది. మెదక్ ప్రాంతాన్ని దాటి నిజాంసాగర్ జలాశయాన్ని నింపి, బోధన్ సమీపాన సాలూర వద్ద రెండు రాష్ట్రాలకు హద్దుగా మారి, సుమారు 724 కిలోమీటర్ల ప్రయాణం తరువాత కందకుర్తి వద్దనే గోదావరిలో కలుస్తుంది. హరిద్రా నది కూడా ఇక్కడే కలియుట వలన దీనిని త్రివేణీ సంగమము అంటారు. అనగా మూడు రాష్ట్రాల మురుగునీటి లెక్క ఈ ఒక్క గ్రామం వద్ద తేలుతుంది. ఇక్కడి నీరు నేరుగా పోచంపాడు వద్ద గల శ్రీరాంసాగర్ జలాశయానికి చేరుతుంది.

కాలుష్యానికి మూలాలు

బోధన్ ప్రాంతంలో చెరకు సాగుకు నిజాంసాగర్ కాలువలు ఆధారమైనాయి. 1923లో ఆరంభమై 1931లో పూర్తయిన ఆ ఆనకట్ట తరువాతనే 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర కర్మాగారం ఏర్పడింది. ఒకప్పుడు ఆసియాలో పెద్దదిగా పేరుపొందిన ఈ కర్మాగారంలో 2002లో అధిక వాటా ప్రైవేటు యాజమాన్యానికి పోయింది. 2015 డిసెంబరులో కర్మాగారం మూతపడింది. సాధారణంగా చక్కెర మిల్లుల కంటే వాటికి అనుబంధంగా మొలాసిస్ నుండి సారా తీసే డిస్టిలరీల వ్యర్థజలమే నదికి ఎక్కువ ప్రమాదకరం. నీటిలోని సేంద్రియ మాలిన్యాన్ని కొలిచే ప్రమాణమైన బి.ఓ.డి. స్నానయోగ్యమైన నీటిలో లీటరుకు 3 మిల్లీగ్రాములు మించరాదు. డిస్టిలరీ వ్యర్థంలో అది నలభై వేలు దాటవచ్చును. పట్టణ మురుగులో రెండు మూడు వందల వరకు ఉంటుంది. ఈ చివరి అంకె చూడటానికి చిన్నదే కాని, మురుగు పరిమాణం బహుళం, అది ఏడాది పొడవునా పారుతుంది. కర్మాగారానికి యజమాని ఉంటాడు, జరిమానా వేయవచ్చును; నిజామాబాదు పట్టణం మధ్యగా పోయే పులాంగ్ వాగులో కలిసే ఇళ్ళ మురుగుకు పురపాలక సంస్థయే యజమాని. కాబట్టి "కాలుష్యం చేసినవాడే చెల్లించాలి" అను సూత్రం ఇక్కడ చివరకు ప్రజాధనం వద్దకే వచ్చి ఆగుతుంది.

పటాన్‌చెరు పారిశ్రామికవాడ వ్యర్థాలు నక్కవాగు ద్వారా నిజాంసాగరుకు ఎగువన మంజీరాలో కలియుట మరొక మూలము. దీనిపై 1990లో సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం దాఖలైనది. తరువాత ఉమ్మడి శుద్ధి కేంద్రం నుండి నీటిని గొట్టపు మార్గం ద్వారా హైదరాబాదులోని అంబర్‌పేటకు మళ్ళించారు. అంబర్‌పేట మూసీ తీరాన ఉన్నది, మూసీ కృష్ణలో కలుస్తుంది. గోదావరి భారం కొంత కృష్ణకు బదిలీ అయినదని చెప్పుట అతిశయోక్తి కాదు.

నిధుల ఏర్పాటు

మన దేశంలో నదుల శుద్ధికి పెద్ద ఎత్తున కేంద్ర నిధులు 1985 నాటి గంగా కార్యాచరణ పథకంతో మొదలైనాయి. 1995లో జాతీయ నదీ పరిరక్షణ పథకం ఇతర నదులకు విస్తరించింది. 2001 నుండి దీనిలో కేంద్రం 70 శాతం, రాష్ట్రం 30 శాతం భరించే పద్ధతి వచ్చింది. శుద్ధి కేంద్రాల నిర్వహణ, కరెంటు ఖర్చు మాత్రం రాష్ట్రానికి, స్థానిక సంస్థకు వదలిపెట్టారు. పథకాలు విఫలమైన చోటు ఇదే. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020-21 లెక్కల ప్రకారం దేశంలోని పట్టణాలలో రోజుకు 72,368 మిలియన్ లీటర్ల మురుగు వస్తున్నది. శుద్ధి సామర్థ్యం 31,841 మిలియన్ లీటర్లు కాగా, నిజంగా శుద్ధి అవుతున్నది 20,235 మాత్రమే. కట్టిన కేంద్రాలలో కూడా మూడింట ఒక వంతు సామర్థ్యం వృథాగా పోతున్నది. కట్టడానికి శంకుస్థాపన ఉంటుంది, నడపడానికి ఉండదు.

ఈ పథకం పట్టణాల జాబితా ప్రకారం నడిచింది. గోదావరి తీరాన మహారాష్ట్రలో త్ర్యంబకేశ్వర్, నాసిక్, నాందేడ్. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో రామగుండం, మంచిర్యాల, భద్రాచలం, రాజమండ్రి ఎంపికైనాయి. నిజామాబాదు, బోధన్ ఆ జాబితాలో లేవు. నిజామాబాదు తరువాత 2015లో ప్రారంభమైన అమృత్ పథకంలో చేరింది. అది పట్టణాల కొరకు ఉద్దేశించినది, నది కొరకు కాదు. పోలికకు, 2015లో గంగ కొరకు మంజూరైన నమామి గంగే పథకానికి ఐదేళ్ళకు 20,000 కోట్ల రూపాయలు, మొత్తం కేంద్రమే కేటాయించింది. అందులో నిర్వహణ ఖర్చును కూడా చేర్చారు.

అదే 2015 జూలైలో గోదావరి పుష్కరాలు జరిగాయి. పుష్కరాలకు వచ్చే నిధులు ఎక్కువగా ఘాట్లకు, రహదారులకు పోతాయి. తదుపరి పుష్కరాలు 2027లో.

చట్టాలు, న్యాయస్థానాలు

1956 నాటి నదీ బోర్డుల చట్టం అంతర్రాష్ట్ర నదుల కాలుష్య నివారణను బోర్డుల సలహా పరిధిలో చేర్చింది. పథకాల ఖర్చును రాష్ట్రాల మధ్య పంచే విషయాన్ని కూడా ప్రస్తావించింది. ఈ సమస్యకు సరిపోయే ఏర్పాటు అదే, కాని ఆ చట్టం కింద నేటి వరకు ఒక్క బోర్డు కూడా ఏర్పడలేదు. 1980 నాటి బచావత్ ట్రిబ్యునల్ తీర్పు గోదావరి నీటి పంపకానికి సంబంధించినది. బాభళీ బ్యారేజీపై 2013 ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు కూడా అంతే: జూలై 1 నుండి అక్టోబరు 28 వరకు గేట్లు తెరచి ఉంచాలి, మార్చి 1న 0.6 టి.ఎం.సి. వదలాలి. ఎంత నీరు వదలాలో వ్రాతపూర్వకంగా ఉన్నది. ఎటువంటి నీరు అనే దానిపై అటువంటి ఒప్పందం లేదు.

2018లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో 351 కలుషిత నదీభాగాలను గుర్తించింది. వాటిలో మహారాష్ట్రవి 53, తెలంగాణవి 8. తెలంగాణ జాబితాలో గోదావరి, మంజీరా రెండూ ఉన్నాయి. జాతీయ హరిత ట్రిబ్యునల్ దీనిపై రాష్ట్రాలకు కార్యాచరణ ప్రణాళికలు చేయుమని ఆదేశించింది. 2022లో ఘన, ద్రవ వ్యర్థాల నిర్వహణ లోపాలకు గాను మహారాష్ట్రపై సుమారు 12,000 కోట్లు, తెలంగాణపై సుమారు 3,800 కోట్ల రూపాయల పర్యావరణ పరిహారం విధించింది. ఈ మొత్తాన్ని ఆయా రాష్ట్రాలు తమ పరిధిలోనే శుద్ధి పనులకు వెచ్చించాలి. ఎగువ రాష్ట్రం నుండి దిగువ గ్రామానికి చేరేది ఇందులో ఏమీ లేదు.

రైన్ నది అనుభవం

ఐరోపాలో రైన్ నది కొరకు తీర దేశాలు 1950లో ఉమ్మడి సంఘం ఏర్పాటు చేసుకున్నాయి. ఫ్రాన్సులోని అల్సేస్ పొటాష్ గనుల ఉప్పు వలన దిగువన ఉన్న నెదర్లాండ్స్ నష్టపోయేది. 1976 ఒప్పందంలో ఉప్పు తగ్గించే ఖర్చును ఫ్రాన్సు 30, జర్మనీ 30, నెదర్లాండ్స్ 34, స్విట్జర్లాండ్ 6 శాతంగా పంచుకున్నాయి. నష్టపోయిన దేశమే అందరికంటే ఎక్కువ చెల్లించినది! న్యాయం దృష్ట్యా దీనిని విమర్శించవచ్చు. ఒప్పందం అమలులోకి వచ్చుటకు 1985 వరకు పట్టింది. 1986 నవంబరు 1న స్విట్జర్లాండులోని బాసెల్ వద్ద రసాయనాల గోదాములో జరిగిన అగ్నిప్రమాదం నదిలోని చేపలను తుడిచిపెట్టిన తరువాత, 1987లో తీర దేశాలు ఉమ్మడి కార్యక్రమాన్ని చేపట్టాయి. కందకుర్తికి ఎగువ, దిగువ ఉన్న మూడు రాష్ట్రాల మధ్య ఇటువంటి శాతాల పట్టిక ఇంతవరకు తయారు కాలేదు.