వేపనూనె ద్రావణం ఎందుకు విరుగుతుంది? పిచికారీలో పాటించాల్సిన జాగ్రత్తలు

రసం పీల్చే పురుగులు తొలిదశలో ఉన్నప్పుడు లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొద్దిగా సబ్బు కలిపి పిచికారీ చేయడం రైతులకు తెలిసిందే. అయితే ఒకే ట్యాంకు మందు చల్లినా కొన్ని సాళ్లలో పురుగు తగ్గదు, మరికొన్ని సాళ్లలో ఆకులు మాడుతాయి. ట్యాంకులో ద్రావణం విరిగిపోవడం ఇందుకు ఒక ముఖ్య కారణం.

ఎమల్షన్ అంటే ఏమిటి?

నూనె నీటిలో కరగదు. బాగా కలిపినప్పుడు సన్నని బిందువులుగా చీలి నీరంతటా పరచుకుంటుంది. పాలలా తెల్లగా కనిపించే ఈ మిశ్రమమే ఎమల్షన్. సబ్బు ప్రతి బిందువు చుట్టూ పొరలా చేరి, అవి ఒకదానితో ఒకటి కలిసిపోకుండా ఆపుతుంది. ఈ.సి. రకం పురుగుమందుల్లో ఈ పని చేసే పదార్థాన్ని తయారీలోనే కలుపుతారు.

బిందువులు ఎలా పెరుగుతాయి?

• మీగడ కట్టడం: నూనె నీటికంటే తేలిక కాబట్టి బిందువులు పైకి చేరతాయి. ఈ దశలో కలియబెడితే ద్రావణం మళ్లీ సర్దుకుంటుంది.

• బిందువులు ఏకమవడం: సబ్బు పొర పలచబడితే పక్కపక్కనున్న బిందువులు ఒకటవుతాయి. ఒకే సైజు బిందువులు 8 కలిస్తే వ్యాసం రెట్టింపవుతుంది, పైకి తేలే వేగం 4 రెట్లవుతుంది. అందుకే విరగడం మొదలైతే త్వరగా ముదురుతుంది.

• చిన్నవి తరిగి పెద్దవి పెరగడం: చిన్న బిందువుల్లోని నూనె అతి స్వల్పంగా నీటిలోకి చేరి పెద్ద వాటిలో కలుస్తుంది. వేపనూనె నీటిలో దాదాపు కరగదు కనుక ఇందులో ఇది చాలా నెమ్మది.

పైన పసుపురంగు నూనె తెట్టు కట్టిందంటే ద్రావణం విరిగినట్లే. స్ప్రేయరు అడుగు నుంచి తోడుతుంది కాబట్టి మొదట ఎక్కువగా నీరే పడుతుంది, చివర్లో చిక్కటి నూనె పడి ఆకులు మాడుతాయి.

బోరు నీటితో జాగ్రత్త

ఉప్పు, సున్నం ఎక్కువున్న నీటిలో సబ్బు తెల్లని తెట్టుగా మారి పనిచేయదు. అటువంటిచోట వాననీరు లేదా మంచి కాలువ నీరు వాడాలి.

పాటించాల్సిన పద్ధతి

1. చలికి నూనె గడ్డకడితే సీసాను గోరువెచ్చని నీటిలో ఉంచి కరిగించాలి.

2. ముందుగా నూనెలో సబ్బు ద్రావణం బాగా కలపాలి. తర్వాత కొద్దికొద్దిగా నీరు పోస్తూ తెల్లగా అయ్యేవరకు గిలకొట్టి, చివరగా మిగతా నీరు చేర్చాలి.

3. అదే నీటితో ముందు ఒక లీటరు ద్రావణం చేసి గాజు సీసాలో గంటసేపు ఉంచాలి. నూనె విడిపోతే నీరు మార్చాలి. సబ్బు మోతాదు మించితే ఆకులకు హాని.

4. పిచికారీ చేసేటప్పుడు ట్యాంకును మధ్యమధ్యలో కదపాలి. కలిపిన మందును ఆ పూటే వాడేయాలి, మర్నాటికి ఉంచరాదు.

5. ఎండ తగ్గాక, సాయంత్రం వేళ చల్లాలి.

విరిగిన ద్రావణాన్ని గట్టిగా కుదిపి చల్లడం కంటే, కొత్తగా కలుపుకోవడమే పైరుకు క్షేమం.